నాటుకు బదులు పాఠం

హనుమకొండ
ఆగస్టు 4

గౌరవనీయులైన యాదగిరి మామయ్య గారికి,

నమస్కారములు. మా ఎం.ఎడ్. చివరి సెమిస్టర్‌లో ఈ ఏడు కొత్తగా ఒక పేపర్ పెట్టారు. పేరు ‘సమాజసేవా అభ్యసనం’. రేపు టీచర్లను తయారు చేయబోయే మేము ముందుగా ఒక ఊరికి వెళ్లి, ఆ ఊరికి పనికొచ్చే పని ఏదైనా చేసి, దాని నుంచి ఏం నేర్చుకున్నామో రాయాలి. మా జట్టుకు నేను లీడర్‌ని. అమ్మ పుట్టిన ఊరని మీ ఎర్రకుంటపల్లిని ఎంచుకున్నాను.

ఊరి తరఫున ఒక పెద్దమనిషి మాకు భాగస్వామిగా ఉండాలి. సర్పంచ్ గారిని అడిగితే మీ పేరు చెప్పారు. ఎందుకు చెప్పారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

భాగస్వామితో ఫోన్ మాటలు, వాట్సాప్ చెల్లవు. చేతితో రాసిన ఉత్తరాలే ఫైల్లో పెట్టాలని మా శోభారాణి మేడం నియమం. ఫోన్‌లో మనుషులు ఆలోచించకుండా మాట్లాడతారట, కాగితం ముందు పెట్టుకుంటే ఒకసారి ఆగుతారట. మేడంకు మీరు తెలియదు.

ఈ పేపర్‌లో సగం మార్కులు ఊరే వేస్తుంది. ఇది పాసైతేనే నా సర్టిఫికెట్ వస్తుంది. జనగామలో ఒక డి.ఎడ్. కాలేజీ వాళ్లు లెక్చరర్ ఉద్యోగం జనవరి దాకా నా కోసం ఆపుతామన్నారు. ఆ తర్వాత ఆపరు.

మా ప్రణాళిక: సాయంత్రాలు ఊరి ఆడవాళ్లకు చదవడం నేర్పడం. ఊరికి ఏం అవసరాలున్నాయో మీరు ముందుగా అడిగి రాయాలి, బడిలో ఒక గది ఇప్పించాలి. అంతే. దయచేసి పరాచికాలు వద్దు. పోయిన ఏడు తిరుమలక్క పెళ్లిలో మీ మైకులో “పెళ్లికొడుకు తప్పిపోయాడు, దొరికినవాళ్లు వంటల దగ్గర అప్పగించగలరు” అని చాటించారు. ఆయన స్నానానికి వెళ్లాడు.

విధేయురాలు,
మానస


ఎర్రకుంటపల్లి, పాలకుర్తి దగ్గర
ఆగస్టు 9

బిడ్డా మానసా,

నీ ఉత్తరం ముట్టింది. మొదటి లైను చదివి, కోర్టు నోటీసేమో అని కవరు తిప్పి చూశాను. నేను ఎప్పటినుంచి ‘గారు’ అయ్యాను? నా భుజాల మీద కూర్చొని నా చెవులను స్టీరింగ్ లెక్క తిప్పిన పిల్లవు నువ్వు.

ఈ ఉత్తరం చదువుతున్న శోభారాణి మేడం గారికి కూడా దండాలు. మేడం, నేను పదో తరగతి పరీక్ష మూడుసార్లు రాశాను. ఆ తరగతి మీద నాకున్నంత అనుభవం మీ కాలేజీలో ఎవరికీ ఉండదు. ఏమన్నా అనుమానాలుంటే అడగండి.

ఊరి అవసరాలు అడగమన్నావు కదా. నాకున్నది టెంట్ హౌజు, మైక్ సెట్టు. మైకు పెట్టి చాటించాను: “హనుమకొండ నుంచి పెద్ద సదువులోళ్లు మనకు సేవ చేయనీకి వస్తాండ్లు. ఎవలకేం గావాల్నో వచ్చి చెప్పుండ్రి. పైసల్ లేవు.” పొద్దు తిరిగేసరికి నా దుకాణం ముందు రేషన్ లైను లాంటిది తయారైంది.

రాజమల్లు తాత, “సేవంటే కాళ్లు వడ్తరా?” అన్నాడు. పేరు రాసుకున్నాను. చాలామంది కోతుల బాధ చెప్పారు. మీలో ఎవరైనా కోతుల మీద కోర్సు చేసి ఉంటే ముందు వాళ్లను పంపు. ఒకావిడకు అల్లుణ్ని భయపెట్టేవాళ్లు కావాలి. చదువు నేర్పమని మాత్రం ఎవరూ అడగలేదు. మరీ ఎవరూ అడగలేదంటే మేడం బాధపడతారని నేనే ఒక పేరు రాశాను, మొగిలమ్మది. ఆమెకు ఇంకా చెప్పలేదు.

మొగిలమ్మ అంటే మా ఊరి నాట్ల జట్టుకు పెద్ద. ఆమె “దిగుండ్రి” అంటే ఆడవాళ్లందరూ మడిలో దిగుతారు, “లేవుండ్రి” అనే దాకా నడుం ఎత్తరు. నా మాట ఒక్కరోజు కూడా వినని మీ అత్త సైతం.

గది దొరికింది. చీపురు మీరే తెచ్చుకోండి.

మీ చెవుల మామ,
యాదగిరి


హనుమకొండ
ఆగస్టు 26

మామా,

‘గారు’ తీసేశాను. ఈ ఉత్తరానికి అది అక్కర్లేదు.

మొదటి సాయంత్రం గది ఊడ్చి, చార్టులు తగిలించి కూర్చున్నాం. ఒక మేక వచ్చింది, ఒక చార్టు తిని పోయింది. ఇంకెవరూ రాలేదు. నిన్ను అడిగితే నువ్వు మీసం దువ్వుకొని ఏమన్నావు? “మా ఊర్లె ఒక రివాజున్నది బిడ్డా. కొత్తోళ్లు మడిల దిగి నాటేస్తేనే ఆడోళ్లు వాళ్ల మాటింటరు.” మా జట్టులో అఖిల్ దాన్ని ‘స్థానిక ఆచారం’ అని రాసుకొని కింద గీత కూడా గీసుకున్నాడు.

అఖిల్‌ది మడికొండ. ఇంటి ముందు అపార్ట్‌మెంట్లు, వెనక అపార్ట్‌మెంట్లు. వరిని సంచిలో తప్ప చూడలేదు. బూట్లతో దిగాడు. ఒక బూటు ఇప్పటికీ రాజమల్లు తాత మడిలోనే ఉంది. మేమందరం నాట్లు అయిపోయే దాకా, రోజుకొకరి మడి చొప్పున, నడుములు విరిగేటట్టు నాటేశాం. సాయంత్రం చదువు చెప్పే ఓపిక మాకు లేదు, వినే ఓపిక వాళ్లకు లేదు.

చివరి రోజు ఆ రివాజు గురించి మొగిలమ్మనే అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. “ఏం రివాజు? నాట్ల దినాలల్ల చేతులు చాలక సస్తున్నం. మీరొస్తె యాదగిరి పంపిండనుకున్నం.” మేము మొదట దిగిన మడి ఎవరిదో కూడా అప్పుడే తెలిసింది. నీదట.

కాలేజీ లెక్క కట్టే సేవ గంటలన్నీ బురదలో పోయాయి. ఒక్కరికి ఒక్క అక్షరం చెప్పలేదు. “మీ వల్ల ఊరికి ఏం దక్కింది?” అని మేడం అడిగారు. అఖిల్, “ఒక బూటు మేడం” అన్నాడు.

మానస


ఎర్రకుంటపల్లి
సెప్టెంబర్ 2

కోపంగా ఉన్న కోడలు పిల్లకు,

కోపంలో నీ చేతిరాత కుదిరింది. అప్పుడప్పుడు తెప్పిస్తాను.

మీరు వేసిన నాటు రోడ్డు మీది నుంచి చూస్తే కల్లు తాగిన పాము నడిచిపోయినట్టుంది. మీ వెనకాల మొగిలమ్మ చప్పుడు చేయకుండా సగం సరిచేసింది కాబట్టి ఆ మాత్రమైనా ఉంది. అయినా సరే, చేతులు చేతులే. మీరు రాకపోతే రాజమల్లు తాత నారు ముదిరిపోయేది. ఆ ముక్క మేడంకు చెప్పకుండా బూటు గురించి చెప్పి వచ్చారా?

ఇప్పుడు అసలు సంగతి. నిన్న ఆడవాళ్లంతా నా దుకాణం ముందు ఆగారు. మొగిలమ్మ అడిగింది, “యాదగిరీ, హనుమకొండల ఆ పిల్లల పనెప్పుడు?”

మేడంకు మా పద్ధతి తెలుసో లేదో. మా దగ్గర ‘బదులు’ అని ఉంటుంది. ఈరోజు నువ్వు నా మడికి వస్తే రేపు నేను నీ మడికి వస్తాను. కూలి లేదు, దండం లేదు, మెహర్బానీ లేదు. పని చేయించుకొని తిరిగి పోనివాళ్ల మడికి మరుసటి ఏడు పిట్ట కూడా వాలదు. మీరు అందరి మడుల్లో దిగారు. అంటే ఊరంతా మీకు బదులు పడింది.

వాళ్లు చదువుకునే పిల్లలు, వాళ్లకు మడులు లేవు అన్నాను. “మడి లేకుంటె ఇంకేదో పనుంటది గదా. పనిలేని మనుషులుంటరా?” అంది మొగిలమ్మ. ఉంటారని చెప్పబోయి, చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారని ఆగిపోయాను. అసలైతే “అక్కర్లేదు పోండి” అనాలనే నోరు తెరిచాను. నోరు మాత్రం, “అడిగి చెప్త” అంది. దానికి ముందు నుంచీ నా మీద గౌరవం లేదు.

కాబట్టి అడుగుతున్నాను. మీ కాలేజీలో ఏం పనుంది?

యాదగిరి


హనుమకొండ
సెప్టెంబర్ 12

మామా,

ఈ ఒక్క ఉత్తరం నవ్వకుండా చదువు.

మా కాలేజీలో రాంప్రసాద్ సార్ అని పెద్ద ప్రొఫెసర్ ఉన్నారు. మొదటి నుంచీ ఆయన ఈ పేపర్‌ను పిక్నిక్ అంటున్నారు. అఖిల్ బురదలో కూలబడిన ఫొటో ఎవరో ఆయనకు చూపించారు. “ఎం.ఎడ్. చదివేటోళ్లు మడిల దిగుడేంది, రేపు గొర్లు కాస్తరా?” అని స్టాఫ్ రూంలో అందరి ముందూ మేడంను అన్నారట. అక్టోబర్ చివర కమిటీ మీటింగ్ ఉంది. పేపర్ తీసేయాలని ఆయన తీర్మానం పెడుతున్నారు. తీసేస్తే మేం చేసినదేదీ లెక్కలోకి రాదు. దాని బదులు ఇంకో పేపర్ రాయడానికి వచ్చే ఏడు దాకా ఆగాలి. జనగామ ఉద్యోగం వేరే వాళ్లకు పోతుంది. అమ్మకు ఇది చెప్పలేదు.

ఆ మీటింగ్ లోపల ఊరి మార్కులతో ఫైలు పూర్తయి ఉంటే వాదించడానికి ఏదైనా ఉంటుందని మేడం అంటున్నారు. మార్కుల కాగితం పెడుతున్నాను. మొగిలమ్మతో, మిగతావాళ్లతో కూర్చొని నింపించు. బదులు గిదులు ఏమీ వద్దని చెప్పు. మేం చేసింది సేవ. సేవకు తిరిగి తీసుకోవడం ఉండదని చెప్పు.

మానస


ఎర్రకుంటపల్లి
సెప్టెంబర్ 17

బిడ్డా,

నవ్వకుండానే చదివాను. మీ అత్త వచ్చి జ్వరమా అని నుదురు పట్టి చూసింది.

నువ్వు చెప్పమన్నది చెప్పినట్టే చెప్పాను, నా సొంత మసాలా కలపలేదు. “వాళ్లు చేసింది సేవ, తిరిగి తీసుకోరు” అన్నాను. మొగిలమ్మ మొహం ఎర్రబడింది. “తీసుకోరా? మేమేమన్న అడుక్కతినేటోళ్లమా? కాళ్లుచేతులు లేనోళ్లకు చేస్తరు సేవ.” వెనకాల ఆడవాళ్లంతా ఒక్కటే లొల్లి. మీ అత్త గొంతు అందరికంటే పైన ఉంది.

లొల్లి కాస్త తగ్గాక మార్కుల కాగితం చదివి వినిపించాను. క్రమశిక్షణ, భాగస్వామ్యం, వైఖరి. వైఖరి అంటే ఏంటని అందరూ నన్ను చూశారు, నాకూ తెలియక మీ మేడంను మనసులో తిట్టుకున్నాను. మార్కులు వేయండి అంటే మొగిలమ్మ ఒప్పుకోలేదు. “బదులు సగంల ఉన్నది. ఆళ్ల కాడికి మనం పోయొచ్చినంక చెప్తం, ఎసుంటోళ్లో. మన మడిల అందరు మంచిగనే ఉంటరు. మనం వాళ్ల కాడికి పోయిననాడు తెలుస్తది.”

ఎడమచేత్తో నేనే నింపి, ఉన్న వేళ్లన్నిటితో వేలిముద్రలు వేద్దామని కూడా చూశాను. ఆ సిరాతోనే అన్నానికి కూర్చున్నాను, మీ అత్త పట్టుకుంది. ఆ దారి మూసుకుపోయింది.

మీ అమ్మకు నేను కూడా చెప్పను. ఫికర్ చేయకు. కానీ పని చూడు. ఎంత చిన్నదైనా సరే, నిజంగా మీకు చేతులు తక్కువైన పని. దొంగ పని పెడితే మొగిలమ్మ గేటు దగ్గరే పసిగడుతుంది.

యాదగిరి


హనుమకొండ
సెప్టెంబర్ 24

మామా,

పని దొరికింది. అది పనో కాదో నువ్వే అడిగి చెప్పాలి.

నీ ఉత్తరాన్ని మేడం మా అందరి ముందు చదివించారు. (వైఖరి దగ్గర నేను దగ్గి దాటేశాను. మేడం కాగితం తీసుకొని ఆ లైను తనే చదివారు.) కాలేజీ ముందు గడ్డి పీకిద్దామని ఒకరు అన్నారు. “పిలిచి గడ్డి పీకిస్తే సేవ మనం చేసినట్టా, చేయించుకున్నట్టా?” అన్నారు మేడం. తర్వాత అడిగారు, “మీకు ఎప్పుడూ మనుషులు సరిపోని పని ఏది?”

అఖిల్ మెల్లగా, “వినేటోళ్లు మేడం” అన్నాడు.

మేం పాఠాలు చెప్పడం ప్రాక్టీస్ చేయాలి కదా. క్లాసులో ఒకరు టీచర్ అయితే మిగతా అందరం పిల్లలం అవుతాం. పెద్దవాళ్లకు చెప్పే పాఠమైతే పెద్దవాళ్లలా నటిస్తాం. అందరికీ జవాబులు ముందే తెలుసు. తెలియనట్టు చెయ్యెత్తుతాం, తెలిసినట్టు తలూపుతాం, బెంచీ కింద ఫోన్ చూసుకుంటాం. రెండేళ్లుగా ఒకరికొకరం ఇట్లాగే సాయం చేసుకుంటున్నాం. మేం చెప్పేది నిజంగా విన్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు.

వాళ్లు వచ్చి ఒక రోజంతా వింటారా?

మానస


ఎర్రకుంటపల్లి
సెప్టెంబర్ 29

బిడ్డా,

అడిగాను. “కూసోవాల్నా, నిలవడాల్నా?” అంది మొగిలమ్మ. కూర్చోవాలి అన్నాను. “నడుమ లేవొద్దా?” వద్దు. “ముచ్చట వెట్టుకోవద్దా?” వాళ్లు అడిగినప్పుడే మాట్లాడాలి. “పొద్దంతనా?” పొద్దంతా.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు ఆలోచించింది. “కష్టపు పనే,” అంది. “గని వాళ్లు గూడ బురదల దిగిండ్లు గదా.”

దసరా పోయాక శనివారం వస్తున్నాం, నా టెంట్ హౌజ్ ట్రాలీలో. బతుకమ్మ ఆడి కాళ్లు నొప్పులు పుట్టి ఉంటాయి కాబట్టి కూర్చునే పనికి అదే మంచి రోజట. నేను కూడా వస్తాను, డ్రైవర్‌గా మాత్రమే. వినే పని నాకు చేతకాదు.

యాదగిరి


హనుమకొండ
అక్టోబర్ 13

మామా,

నువ్వు లోపలికి రాలేదు కాబట్టి రాస్తున్నాను. రాకుండా వరండాలో ఏం చేశావో నువ్వు రాయాలి.

ఆడవాళ్లు ముందు బెంచీల్లో కూర్చొని, మడిలో దిగేటప్పటిలాగే కొంగులు బిగించారు. మొగిలమ్మ “దిగుండ్రి” అంది. అందరూ ఒక్కసారి అఖిల్ వైపు చూశారు. వాడు బ్యాంకు ఖాతాల పాఠం మా ముందు ఎన్నోసార్లు చెప్పాడు, మేం ప్రతిసారీ తలలూపాం. ఇక్కడ మొదటి చార్టు తిప్పేలోపలే వెనక ఒక గురక. మొగిలమ్మ, “లేవుండ్రే, పని మీదొచ్చినం” అని వాళ్లను లేపి, వాడితో అంది: “బిడ్డా, నువ్వు చెప్పేది నీకే రుచిస్తలేదు. జర నీళ్లు తాగి మళ్ల చెప్పు.” వాడు నీళ్లు తాగాడు. చార్టు పక్కన పెట్టి, అత్త అప్పుడే అడిగిన మాటకు జవాబుతో మొదలుపెట్టాడు. ఈసారి ఎవరూ పడుకోలేదు.

తర్వాత నా వంతు వచ్చింది. వినే కళ్లు అట్లా ఉంటాయని నాకు తెలియదు మామా. పాఠం మధ్యలో ఒకామె నన్నొక ప్రశ్న అడిగింది. మా ప్రాక్టీసులో అట్లాంటి ప్రశ్న ఎవరూ అడగరు, ఎందుకంటే దానికి మాలో ఎవరికీ జవాబు తెలియదు. “తెలువదు, కనుక్కొని చెప్త” అన్నాను. ఆమె సరే అంది. అంతే. భూమి బద్దలవుతుందనుకున్నాను.

అన్నాలయ్యాక వింత జరిగింది. రాంప్రసాద్ సార్ తలుపు దగ్గర కనిపించారు. పిక్నిక్ సాక్ష్యాలకు వచ్చారనుకున్నాం. ఆయన నేరుగా వేదిక ఎక్కి, గొంతు సవరించుకొని, ప్రాచీన కాలం నుంచి విద్యావిధానం ఎట్లా మారిందో మొదలుపెట్టారు. టీ చల్లారింది, మళ్లీ కాచారు, అదీ చల్లారింది. ఆడవాళ్లు ఒక్కరూ కదల్లేదు. ఆయన క్లాసులో వెనక తలుపు ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. ఆ రోజు అది ఊగలేదు. చివరికి ఆయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆయన అసలెందుకు వచ్చారు? తీర్మానం మాత్రం ఇంకా అజెండాలోనే ఉంది. మార్కులు?

మానస


ఎర్రకుంటపల్లి
అక్టోబర్ 18

బిడ్డా,

ముందు మార్కులు. కాగితం ఇందులోనే ఉంది, అసలైన వేలిముద్రలతో. మీ అందరి బదులూ తెగింది, ఇక బాకీ లేదని మొగిలమ్మ ట్రాలీలోనే ప్రకటించింది. నీ గురించి, “తెలువదంటె తెలువదన్నది. పాస్ చెయ్” అంది. అఖిల్‌కు నీ కంటే ఒక మార్కు ఎక్కువ. బూటు వాడికి దొరకలేదు కదా.

ఇక వరండా సంగతి. నేను గోడకు ఆనుకొని బీడీ కోసం జేబు తడుముకుంటుంటే ఒక పెద్దమనిషి వచ్చి, “ఎవరు వీళ్లంతా?” అన్నాడు. “మీరేనా సార్ రాంప్రసాద్ సార్? పాలకుర్తి నుంచి మిమ్ములనే విందమని వచ్చిండ్లు. పిల్లల పాఠాలేముంది, అసలు సారు ఎప్పుడస్తడని అడుగుతాండ్లు” అన్నాను. ఎంత చిన్న అబద్ధమో చూడు. ఆయన కిటికీ అద్దంలో జుట్టు సవరించుకొని లోపలికి నడిచాడు. అంతసేపు మాట్లాడతాడని నాకేం తెలుసు? ట్రాలీలోకి వచ్చేసరికి ఆడవాళ్ల నడుములు పట్టేశాయి, నా వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. ఒకటి మీ అత్తది.

దారిలో మొగిలమ్మ లెక్క తీసింది. “పిల్లలది తెగింది. ఆ సారు మన మడిల దిగలే. ఊకెనే మనతోని పని చేయించుకున్నడు. ఆయన మనకు బదులు పడ్డడు.” పత్తి ఏరే రోజులు వస్తున్నాయి. కాబట్టి ఊరి తరఫున రాంప్రసాద్ సార్‌ను పత్తికి పిలుస్తూ ఒక ఉత్తరం రాశాను, ప్రిన్సిపాల్ గారి ద్వారా. అందరి వేలిముద్రలూ వేయించాను. ఈసారి మీ అత్త కూడా అడ్డం రాలేదు.

ఈ ఉత్తరం ఫైల్లో పెట్టేది లేనిదీ నీ ఇష్టం.

యాదగిరి


హనుమకొండ
నవంబర్ 1

మామా,

ఫైల్లో పెట్టలేదు. మేడంకు మాత్రం చూపించాను. ఆవిడ గది తలుపు వేసుకొని నవ్వారు, బయటికి వినిపించింది.

నిన్న కమిటీ అయింది. మేడం చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. తీర్మానం చదివారు. ప్రిన్సిపాల్ గారు నీ ఉత్తరం తీసి రాంప్రసాద్ సార్ ముందు పెట్టి, దీని సంగతేంటని అడిగారు. సార్ దాన్ని రెండుసార్లు చదివారట. ఆ తర్వాత, “పోవాలె. పోకుంటె వాళ్లేమనుకుంటరు? అంతసేపు విన్నరు” అన్నారట. మళ్లీ ఆయనే, “గని పేపర్ తీసేస్తె నేను ఏ లెక్కన పోవాలె? నా సి.ఎల్.లు అయిపోయినయ్” అన్నారట.

గుమాస్తాను పిలిచారు. ఆయన నిబంధనలు తిరగేసి, పేపర్ ఉంటేనే ఊరికి పోయింది ఆన్ డ్యూటీ అవుతుంది, లేకపోతే జీతం కోత అని తేల్చాడు. ‘రాంప్రసాద్ గారి పత్తి పని పూర్తయ్యే వరకు తీర్మానం వాయిదా’ అని మినిట్స్‌లో రాశారు. తీర్మానం పెట్టింది ఆయనే, వాయిదా అడిగిందీ ఆయనే.

మా పేపర్ లెక్కలోకి వచ్చింది. జనగామ వాళ్లకు ఫోన్ చేశాను, రిజల్ట్ రాగానే రమ్మన్నారు. అప్పుడు అమ్మకు మొత్తం చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది: “నడుమల మీ మామేం చేసిండు?”

నీ కోడలు,
మానస


ఎర్రకుంటపల్లి
నవంబర్ 16

లెక్చరర్ మానస గారికి,

అక్కకు చెప్పు, నేనేం చేయలేదు, వరండాలో నిలబడ్డాను అంతే.

రాంప్రసాద్ సార్ వచ్చాడు. మొదట డ్యూటీ కాగితం మీద మొగిలమ్మ వేలిముద్ర అడిగాడు. “పని చూసినంక” అంది ఆమె. సార్ ప్యాంటు మడిచి, తువ్వాలను నడుముకు ఒడి కట్టుకొని పత్తి చేనులో దిగాడు. ఆకు తునకలు కలవకుండా ఏరాలని ఇద్దరు ముగ్గురు చూపించారు. పాపం, చెప్పింది వింటున్నాడు. వేళ్లు గీరుకుపోతున్నా ఆగలేదు. తల మీద ఎండ తగులుతుంటే మీ అత్త తన రుమాలు ఇచ్చింది, నాకు ఎప్పుడూ ఇవ్వనిది.

చిక్కేంటంటే, చెయ్యి కదిలితే ఆయన నోరు కూడా కదులుతుంది. ఒక సాలు దాటేలోపల పత్తి ఏ దేశం నుంచి ఏ దేశానికి పోయిందో మొదలుపెట్టాడు. ఆడవాళ్లు ఏరుతూనే విన్నారు. ఆయన వెనకాల నడుస్తున్న మొగిలమ్మ నాతో మెల్లగా అంది, “చేతులతోని తీరుస్తాండు, నోటితోని పెంచుతాండు. ఇట్లయితె ఇది వచ్చే వానకాలానికి గూడ తెగది.”

పొద్దు వాలుతుంటే ఆమె, “సారూ, జర నోరు కట్టుకుంటె మీ బదులు ఇయ్యాల్నే తీరుతది” అని చెప్పింది కూడా. సార్ తలూపాడు. ఒడి విప్పి పత్తిని కుప్పలో పోసి, చేతులు దులుపుకొని, “ఒక్క మాట చెప్పి ఆపేస్త” అన్నాడు.

ఆడవాళ్లంతా ఒడులు దించి ఒడ్డు మీద వరసగా కూర్చున్నారు. మొగిలమ్మ కొంగు బిగించి “దిగుండ్రి” అంది.

యాదగిరి